ఇంటిపేరు సూదమ్మ

తనిఖీ ఆవిడ తలుపు దగ్గరగా వేయమన్న చోట పోయిన వారం మనం ఆగాం. ఆవిడ విదేశీ చెల్లింపుల సంస్థ తరఫున వచ్చింది. ఆ సంస్థ గుర్తు లేకపోతే ఇక్కడ తయారైన కార్డు సరిహద్దు దాటి ఒక్క దుకాణంలోనూ చెల్లదు. వచ్చినప్పటినుంచీ నీళ్ళు తప్ప ఏమీ పుచ్చుకోకుండా, ఎవరినీ ఏమీ అనకుండా లెక్కలన్నీ చూసింది. చూడటం అయ్యాక, ఒక మాట విడిగా మాట్లాడాలంది.

అక్క లేచి తలుపు వేసింది.

అక్క ఆ కార్డు తయారుచేసే సంస్థను నడిపే మనిషి. ఆఫీసులో చిన్నా పెద్దా అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. మొదట అలా పిలిచినవాడు ఒక్కడే. ఆమె తమ్ముడు. ఈ కార్డుకు ప్రోగ్రాము రాసింది అతనే. పోయినేడు వానల్లో జ్వరం తగిలి, తగ్గినట్టే తగ్గి, పోయాడు. అతని కుర్చీ అక్క గదిలోనే ఉంది. దాన్ని ఎవరూ తీయలేదు, అందులో ఎవరూ కూర్చోలేదు. మీటింగులో కుర్చీలు చాలకపోతే ఒకరు నిలబడి ఉంటారు తప్ప ఆ మాట ఎత్తరు.

తలుపు అవతలి పెద్ద గది ఒకప్పుడు ఫొటో స్టూడియో. వెనక గోడకు నీలిమేఘాల తెర ఇంకా వేలాడుతూనే ఉంది. ప్రోగ్రాములు రాసేవాళ్ళు దాని ముందు వరసగా కూర్చుంటారు. కొత్తగా వచ్చినవాళ్ళకు అందరూ ఫొటోకు సిద్ధమైనట్టు కనిపిస్తారు.

"మీ దగ్గర ఒక కుటుంబం ఉంది. బాగా పెద్ద కుటుంబం," అంది తనిఖీ ఆవిడ. ఆవిడది ఇక్కడి మాటే, ఇక్కడి మనిషే. జీతం మాత్రం అక్కడిది.

"ఎంత పెద్దది?"

"పదకొండు వేలమంది."

అక్క నవ్వింది. ఆవిడ నవ్వలేదు. కంప్యూటరు అక్క వైపు తిప్పింది.

"ఊళ్ళు వేరు. వయసులు వేరు. ఫోన్లు వేరు. కానీ అందరి ఇంటిపేరూ ఒకటే. సూదమ్మ."

అక్క తెరమీదికి వంగి చూసింది. కిందికి జరుపుతూ పోయింది. ఎంత జరిపినా ఆ వరస తెగలేదు.

సూదమ్మ అంటే ఆ బజారులో తెలియనివాళ్ళు లేరు. ఆఫీసు మెట్ల పక్కన స్టూలు వేసుకుని చిరిగిన బట్టలు, తెగిన సంచులు కుడుతుంది. ఆవిడ అక్కకు తల్లి. ఫోను తెరమీద పదహారు అంకెలుగా తప్ప చేతికి దొరకని ఈ కార్డును కూడా జనం సూదమ్మ కార్డనే అంటారు. ఆవిడ కూర్చునే మెట్లెక్కి తీసుకునే కార్డు కనుక ఆ పేరు వచ్చిందని అక్క ఇన్నాళ్ళూ అనుకుంది. ఆమె సొంత కార్డుమీద తండ్రి పేరుంది. మరొకరి కార్డుమీద ఏముందో చూడాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

"నిదానాన్ని పిలుస్తాను," అంది.

నిదానం తమ్ముడి స్నేహితుడు, మొదటినుంచీ ఉన్నవాడు. ఏ పనీ తొందరగా చేయడు. చేసిన పని మళ్ళీ చేయాల్సిన అవసరం రానివ్వడు. తెరమీద ఉన్నదేమిటో చూడగానే అతని మొహం మారింది.

"తెలుసన్నమాట," అంది అక్క.

"తెలుసక్కా."

"చెప్పు. ఆవిడ ముందే చెప్పు."

నిదానం చేతులు కట్టుకుని, విప్పి, మళ్ళీ కట్టుకున్నాడు. "మన మొదటి కార్డు ఒక నర్సుది, గుర్తుందా? బయటిదేశం పరీక్షకు ఫీజు కట్టాలి. అదే ఆఖరి రోజు. ఆమెకున్నది ఒక్కటే పేరు. రెండో పేరు గడి ఖాళీగా వదిలేస్తే అవతలి యంత్రం తీసుకోలేదు. చుక్క పెట్టాం, తీసుకోలేదు. ఉన్న పేరే రెండుసార్లు కొట్టాం, పొరపాటని తిప్పికొట్టింది. ఆ అమ్మాయి ఇక్కడే కూర్చుని ఏడుపు. అప్పుడే కిందనుంచి అమ్మ కేకేసింది, తిండి చల్లారిపోతోంది రారా అని. మీ తమ్ముడు 'వస్తున్నా సూదమ్మా' అని అరుస్తూ అదే కొట్టేశాడు."

"కొడితే?"

"తీసుకుంది."

తల్లిని సూదమ్మా అని పిలిచి వీపుమీద దెబ్బ తినడం తమ్ముడికి చిన్నప్పటినుంచీ అలవాటు.

"తర్వాత మారుద్దాంలే అన్నాడు," అన్నాడు నిదానం. "నేనూ సరేనన్నాను. ఈలోగా ఇంకొకరొచ్చారు. వాళ్ళకీ ఒకటే పేరు. ఆ తర్వాత ఇంకొకరు. ఆఖరికి రెండో గడి ఖాళీగా ఉంటే అదే పడేలా ప్రోగ్రాములోనే రాసేశాడు. ఇంటిపేరు లేనివాళ్ళు ఇంతమంది ఉన్నారని మాకేం తెలుసక్కా? జనం కూడా అడగలేదు. అది కార్డు పేరనుకున్నారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే తీసేయమంటావని."

తనిఖీ ఆవిడ అంతా విని కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. ఆవిడ గొంతులో కోపం లేదు. అందువల్ల ఆ మాట మరింత బరువుగా వినిపించింది.

"కార్డుమీద ఉన్న పేరు ఆ మనిషిది కాకపోతే అది దొంగ పేరు. ఎందుకు పెట్టారన్నది మా నిబంధనల్లో లేదు. రేపు సాయంత్రానికి వీటన్నిటినీ నేను ఆపేయాలి. పదకొండు వేలు ఆగితే మిగతావి మాత్రం నిలుస్తాయా? మీ అనుమతే పోతుంది." కాస్త ఆగింది. "ఒక దారుంది. ఒక కాగితం రాసివ్వండి. పోయిన ప్రోగ్రామరు సంస్థకు తెలియకుండా తప్పుడు వివరాలు చొప్పించాడని. అప్పుడు తప్పు మనిషిదవుతుంది, సంస్థది కాదు. పేర్లు సరిచేసుకోడానికి గడువిస్తారు. ఒక్క కార్డూ ఆగదు. పోయినవాళ్ళకు శిక్ష ఉండదు కదా."

"పేరుంటుంది," అంది అక్క.

"నేను మీ మంచికే చెబుతున్నాను."

"అది తెలుస్తోందండీ. తెలుస్తోంది కాబట్టే జవాబు చెప్పలేకపోతున్నాను."

అప్పుడే తలుపు తోసుకుని సూదమ్మ లోపలికి వచ్చింది. తలుపులు తట్టే అలవాటు ఆవిడకు లేదు. చేతిలో తనిఖీ ఆవిడ సంచి ఉంది. పొద్దున పట్టీ తెగితే కింద ఇచ్చి వచ్చింది ఆవిడ.

"ఇదిగోనమ్మా. ఇక సంచి చిరగాలే గానీ పట్టీ తెగదు," అంటూ సూదమ్మ బల్లమీద పెట్టి, ముగ్గురి మొహాలూ చూసింది. "ఏంటి, ఎవరో పోయినట్టు కూర్చున్నారు?"

జవాబు కోసం నిదానం వైపు తిరిగింది. ఆవిడ అడిగితే అబద్ధం చెప్పడం నిదానానికి చేతకాదు. నర్సు దగ్గర మొదలుపెట్టి కాగితం దాకా మొత్తం చెప్పాడు. వింటూ వింటూ ఆవిడ వెనక్కి జరిగి, చేతికి తగిలిన కుర్చీలో కూర్చుంది. అది తమ్ముడి కుర్చీ. నిదానం నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు.

"ఎంతమందన్నావు?"

"పదకొండు వేలమందమ్మా."

"దొంగవెధవ," అంది సూదమ్మ. ఆ మాట అంటుంటే ఆవిడ మొహం వెలిగింది. "ఇద్దరు పిల్లల్ని కన్నదాన్ని. నాకు పదకొండు వేలమందిని అంటగట్టాడా?"

"అమ్మా, నవ్వే విషయం కాదు," అంది అక్క. "వాడు మోసం చేశాడని నేను రాసివ్వాలి. లేదంటే అన్నీ ఆగిపోతాయి."

సూదమ్మ నవ్వు మెల్లగా తగ్గింది. కొంగు వేళ్ళకు చుట్టుకుంది.

"తప్పయితే చేశాడు. అడక్కుండా అమ్మయినా పెట్టదంటారు. వాడు అమ్మనే అడక్కుండా తీసి అందరికీ పెట్టాడు." తర్వాత కూతురి వైపు చూసింది. "రాస్తావా?"

అక్క కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఎదురుగా జెరాక్స్ దుకాణం గోడమీద ఎవరో రంగుతో రాయించారు: ఇక్కడ సూదమ్మ కార్డు తీయించబడును. వీధి చివర చెవిటి మిషన్లు బాగుచేసే అతను ఆ కార్డుతోనే విడిభాగాలు తెప్పిస్తాడు. అంతకుముందు ఆ మిషన్లు పాడైతే పారేయడమే. పెద్ద బ్యాంకుల కార్డులు కూడా బయటిదేశం దుకాణాల్లో చెల్లని రోజులవి. మీ దేశం పేరు మా వరసలో లేదని తెరమీద వచ్చేది. అలా వచ్చిన ప్రతిసారీ తమ్ముడు దాన్ని పెద్దగా చదివి, "చేర్చుకుంటార్లే" అనేవాడు.

ఆమె వెనక్కి తిరిగింది.

"రాయనండీ."

"ఆలోచించుకోండి."

"ఆలోచించే చెబుతున్నాను. మీరన్న కాగితం రాస్తే కార్డులుంటాయి. నిజమే. కానీ అవి చేసినవాడు మోసగాడవుతాడు. మోసగాడు చేసిన కార్డు మా జనం జేబులో ఉంటుంది. ఇప్పటిదాకా వాళ్ళు దాన్ని తలెత్తుకుని చూపిస్తున్నారు. మాది, మావాళ్ళు చేసింది అని చెబుతున్నారు. ఆ మాట అననివ్వకుండా కార్డు మాత్రం మిగిల్చి నేనేం చేసుకోను?"

"మరి నన్నేం చేయమంటారు? నిబంధన నేను రాసింది కాదు."

"పేరు ఆ మనిషిది అయితే చాలు కదా?"

"చాలు."

"మన దేశంలో ఈడొచ్చిన మనిషి ఫలానా ఇంటిపేరు నాదని తనంతట తాను ప్రకటిస్తే అది అతనిదవుతుంది. చట్టమే ఆ మాట చెబుతోంది. అవునా?"

తనిఖీ ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "అవును."

"అయితే వాళ్ళనే అడుగుదాం. మావాడు అడగలేదు. ఇప్పుడు నేనడుగుతాను. ఈ పేరు ఉంచుకుంటారా, వేరేది చెబుతారా అని. ఏది చెప్పినా అది వాళ్ళు చెప్పుకున్న పేరే అవుతుంది."

"జవాబివ్వని వాళ్ళు?"

"వాళ్ళ కార్డు ఆపండి. మీరు ఆపక్కర్లేదు, నేనే ఆపుతాను."

తనిఖీ ఆవిడ మెడలో వేలాడుతున్న గుర్తింపు కార్డును వేళ్ళతో తిప్పుతూ కూర్చుంది. దానిమీద ఒకే పేరు పక్కపక్కనే రెండుసార్లు ఉంది.

"మొదటిసారి బయటిదేశం వెళ్ళినప్పుడు రెండో పేరేదని అడిగారు," అంది ఉన్నట్టుండి. "లేదన్నాను. కౌంటర్లో అబ్బాయి ఉన్నదాన్నే ఇంకోసారి రాసి చేతిలో పెట్టాడు. అప్పట్నుంచీ నా పేరుకి నత్తి."

సూదమ్మ ఫక్కున నవ్వింది. తనిఖీ ఆవిడ కూడా వచ్చాక మొదటిసారి నవ్వింది.

"రేపు సాయంత్రం దాకా," అంది. "సగంమందికి పైగా జవాబు రావాలి. రాకపోతే మొత్తం ఆపుతాను. అప్పుడు నన్నేమీ అనకూడదు."

"అనను."

కబురు రాయడానికి నిదానం కూర్చున్నాడు. "గౌరవనీయులైన ఖాతాదారులకు, అనివార్య కారణాల వలన..." అని మొదలుపెట్టేసరికి సూదమ్మ అడ్డొచ్చింది.

"ఒరే, వాళ్ళు నా పిల్లలన్నావు. పిల్లలకి ఎవరైనా అలా రాస్తారా?"

అక్క అతణ్ణి లేపి తనే కూర్చుంది. ఒక్కో మాటా చూసుకుంటూ రాసింది.

"మీ కార్డుమీద మీ పేరు పక్కన ఉన్న సూదమ్మ అన్నది కార్డు పేరు కాదు. ఇంటిపేరు లేదని బయటి దుకాణాలు మిమ్మల్ని తిప్పి పంపుతుంటే, ఈ కార్డు చేసినవాడు తన తల్లి పేరు మీకు పెట్టాడు. మిమ్మల్ని అడగలేదు. అది మా తప్పు. ఇప్పుడు అడుగుతున్నాం. ఈ పేరు ఉంచుకుంటారా? వద్దనుకుంటే మీకు నచ్చింది చెప్పండి, అదే వేస్తాం. రేపు సాయంత్రంలోగా జవాబు రాకపోతే కార్డు ఆగిపోతుంది. రాయలేనివాళ్ళు మాట్లాడి పంపవచ్చు."

కింద ఎవరి పేరూ పెట్టలేదు. నిదానం ఒకటికి రెండుసార్లు చదివి, తప్పు లేదని చూసి, పంపాడు.

మొదట కాసేపు ఏమీ రాలేదు. తనిఖీ ఆవిడ గడియారం చూసుకుంది. ఆ తర్వాత వానచినుకు రేకుమీద పడ్డట్టు ఒకటి, ఇంకొకటి, ఆపైన లెక్క తెలియకుండా రాసాగాయి. నిదానం పైకి చదివాడు. అతని గొంతులో ఎప్పుడూ లేని తొందర వచ్చింది.

"ఉంచండి."

"ఉంచండి. దీంతోనే నా కొడుకు చదువు పూర్తి చేశాడు."

"మా అమ్మ పేరు నాకు తెలియదు. ఇది తీయకండి."

"ఇన్నాళ్ళూ కంపెనీ పేరనుకున్నాను. ఆ తల్లికి నమస్కారం."

"నాకు మా నాన్న పేరు కావాలి. కానీ పెట్టినాయనకు థ్యాంక్స్ చెప్పండి."

ఒకదాని దగ్గర నిదానం ఆగి నవ్వాపుకోలేకపోయాడు. "వచ్చేనెల మా పెళ్ళి. ఇద్దరిదీ మీ కార్డే. ఇద్దరం సూదమ్మలమే. ఇప్పుడు మేం అన్నాచెల్లెళ్ళం అవుతామా అని అడుగుతున్నాడక్కా!"

మేఘాల తెర ముందు కూర్చున్నవాళ్ళంతా గొల్లుమన్నారు. పనులు వదిలేసి అందరూ తలుపు దగ్గర గుమిగూడారు. అక్క తెరవైపు చూడటం లేదు. కిటికీ ఊచ పట్టుకుని నిలబడి వింటోంది. పోయినేటి తర్వాత ఆమె వీపు అంత నిటారుగా ఉండటం ఆఫీసువాళ్ళు అప్పుడే చూశారు.

"సగం దాటేలా ఉంది," అంది తనిఖీ ఆవిడ. ఆవిడ గొంతులో సంతోషం దాగలేదు. "ఇంకొక్కటే మిగిలింది. పేరు గలావిడ బతికి ఉంది కాబట్టి ఆవిడ ఒప్పుకోలు కావాలి. ఇది మామూలు తంతే. నా పేరు వాడుకోవచ్చు అని మీరొక్క మాటంటే చాలమ్మా, రికార్డు చేసుకుంటాను."

అందరూ సూదమ్మ వైపు తిరిగారు. అప్పుడు గమనించారు, ఆవిడ చాలాసేపటినుంచి నవ్వడం లేదని.

"అనమ్మా," అంది అక్క.

"అనలేను."

"అదేంటి?"

"ఇవ్వననడం లేదు. ఇవ్వలేనంటున్నాను. నాది కానిది నేనెలా ఇస్తాను?"

నిదానం చేయి కీబోర్డుమీద ఆగిపోయింది. సూదమ్మ ఆ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా చెప్పింది.

"పెళ్ళయి ఈ ఊరొచ్చేసరికి నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. ఈ మెట్ల పక్కన అప్పుడు ఒకావిడ కూర్చునేది. బజారంతా ఆవిణ్ణి సూదమ్మ అనేవాళ్ళు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పింది. ఆవిడకి కళ్ళు మసకలొస్తే వైద్యానికెళుతూ, కొన్నాళ్ళు నా చోట కూర్చోవే అంది. కూర్చున్నాను. వచ్చేపోయేవాళ్ళు నన్నే సూదమ్మా అన్నారు. నేను కాదనలేదు. ఆవిడ తిరిగొచ్చేసరికి నువ్వు ఒళ్ళో ఉన్నావు, వాడు కడుపులో ఉన్నాడు. లేవలేదు నేను. ఆవిడ అక్కడ నిలబడి కాసేపు చూసి, వెళ్ళిపోయింది."

"ఏమీ అనలేదా?"

"ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది."

కింద వీధిలో ఎవరో సూదమ్మా అని పిలిచారు. చొక్కా తీసుకోవడానికి వచ్చినట్టున్నారు. ఆవిడ పలకలేదు.

"చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకున్నది వాడు కాదమ్మా," అంది కూతురితో. "నేను. వాడు తీసుకున్నది అమ్మ పేరనుకున్నాడు పాపం."

తనిఖీ ఆవిడ గొంతు సవరించుకుంది. "ఆవిడ ఉన్నారా ఇప్పుడు?"

"వంతెన అవతల మనవరాలి దగ్గర ఉంటుందని విన్నాను. ఉందో లేదో."

"అసలు పేరేంటమ్మా ఆవిడది?" అని నిదానం అడిగాడు. సూదమ్మ చెప్పింది. ఆ పేరు నోటితో పలికి ఎన్నాళ్ళయిందో, మొదటిసారి సరిగా రాలేదు. మళ్ళీ చెప్పింది.

నిదానం ఒక్కొక్క అక్షరమే కొట్టాడు. వెతికాడు. తర్వాత కుర్చీ వెనక్కి జరిపాడు.

"ఆవిడకి మన కార్డుందక్కా. కంటిమందు తెప్పించుకోడానికి తీసుకుంది. ఒకటే పేరిచ్చింది. రెండో గడి ఖాళీ." అతను తెరను అక్క వైపు తిప్పాడు. "మనవాడి ప్రోగ్రాము అందులో సూదమ్మ అనే వేసింది."

"అడిగిన దానికి జవాబిచ్చిందా?" అంది అక్క.

"ఇచ్చింది. రాయలేదు. మాట్లాడి పంపింది."

నిదానం సూదమ్మ మొహంలోకి చూశాడు. ఆవిడ కళ్ళతోనే సరేనంది. అతను మీట నొక్కాడు. ముందు ఏదో గరగర, ఒక ఆడపిల్ల "మాట్లాడు అమ్మమ్మా, ఇక్కడ" అనడం, ఆపైన వణుకు లేని ముసలిగొంతు.

సూదమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది, ఎదురుగా పెద్దవాళ్ళు వచ్చినట్టు.

"నా పేరు నాకు ఇవ్వడానికి మీరెవరర్రా? ఇచ్చేది లేదు, పుచ్చుకునేది లేదు. ఆ మెట్ల పక్కన కూర్చున్నదాన్ని రమ్మనండి. పొద్దుగూకేలోగా రమ్మనండి."